సున్నం పని, మట్టి ఇళ్ల శిక్షణలకు వెళ్తే పనికొస్తుందా? వెళ్లండి, మేస్త్రీని కూడా వెంటబెట్టుకొని వెళ్లండి

మీరు అడిగింది ఇది కదా: కడపలో సివిల్ డిప్లొమా చేసి రెండేళ్లుగా సైట్ ఇంజనీరుగా ఉన్నారు, సున్నం పని, మట్టి ఇటుకలు, పాత కట్టడాల మరమ్మతు, గ్రీన్ బిల్డింగ్ అంటూ బోలెడు వర్క్‌షాపులు, సదస్సులు కనిపిస్తున్నాయి, ఫీజూ ప్రయాణం కలిపితే ఒక నెల జీతం పోతుంది, వెళ్లాలా వద్దా అని. నేను ప్రొద్దుటూరు దగ్గర చిన్న కాంట్రాక్టులు చేస్తాను, ఇలాంటివి ఐదారింటికి వెళ్లొచ్చాను. పనికొస్తుంది. కాకపోతే మీరొక్కరే వెళ్తే పెట్టిన డబ్బులో సగం దండగ. మీతో పనిచేసే తాపీ మేస్త్రీని కూడా తీసుకెళ్లండి.

ఎందుకంటే నాకు జరిగింది చెప్తాను. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో పాత మట్టిమిద్దె. రెండడుగుల మందం రాతిగోడలు, మట్టి అడుసుతో కట్టినవి. పైన దూలాలు, దంతెలు, వాటి మీద నాపబండలు, ఆపైన చౌడు. నడిమింట్లో గవాక్షి, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత. గోడ కింది భాగం చెమ్మెక్కి పెచ్చులు ఊడుతోందని నన్ను పిలిచారు. నాకప్పుడు తెలిసింది సిమెంటే, నాలుగడుగుల ఎత్తు వరకు గట్టిగా ప్లాస్టరింగ్ చేయించి వచ్చాను. రెండు వానాకాలాలు దాటేసరికి చెమ్మ ఆ సిమెంటును దాటి ఐదో అడుగులో బయటపడింది. పూతను వేళ్లతో తడితే డొల్ల చప్పుడు, లోపల అడుసు పొడిపొడిగా రాలుతోంది. నేలలోంచి గోడలోకి ఎక్కిన తడి ఆవిరిగా బయటికి పోవాలి, సున్నం పూత దాన్ని పోనిస్తుంది, సిమెంటు ఆపేస్తుంది. అంతే విషయం. చదువుకునేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. "మా మామ కాలంలో ఎన్నడూ ఇట్ల కాలేదే నాయనా" అని ఆ ఇంటి పెద్దమ్మ మెల్లగా అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

దాంతో ఐదు రోజుల సున్నం శిక్షణకు వెళ్లాను. నోటుబుక్కు నిండా రాసుకొచ్చి మా మేస్త్రీకి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లుగా సిమెంటు పని చేసిన మనిషి, నేను నోటితో చెప్పింది ఆయన చేతికి ఎలా అందుతుంది? ఏప్రిల్ ఎండలో, ఒకే దఫాలో ముప్పావంగుళం మందం పూసేశాడు, సాయంత్రానికి తెల్లగా ఎండిపోయింది, వారంలో గోడంతా సాలెగూడులా పగుళ్లు. తప్పు ఆయనది కాదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, అందుకు తడి ఉండాలి, పల్చటి పూతలు ఉండాలి, మధ్యలో ఆగాలి. మన రాయలసీమ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఆ పని పెట్టుకోకూడదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా బాగుంటుంది, అప్పుడైనా తడి గోనెపట్టాలు కట్టాల్సిందే.

రెండోసారి మేస్త్రీని తీసుకెళ్లాను. పని పోతుందని రానన్నాడు. ఆ రోజుల కూలి నేనిస్తానన్నాక ఒప్పుకున్నాడు. మొదటి రోజు డ్రమ్ములో నీళ్లు పోసి కాల్చిన సున్నపురాళ్లు ఒక్కొక్కటే వేయించారు (నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు, చిమ్మితే కళ్లు పోతాయి, అద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు). రాయి పడగానే ముందు ఏమీ కాదు. కాసేపటికి బుస్సుమని పొగ, కుతకుత ఉడుకు, రాయి పగిలి పువ్వులా విచ్చుకొని మీగడలా మారింది. మా మేస్త్రీ కదలకుండా చూశాడు. తర్వాత నెలల తరబడి నానిన సున్నాన్ని చేతిలోకి తీసుకొని వేళ్ల మధ్య నలిపి, "సార్, ఇది వెన్న మాదిరి ఉంది, సిమెంటు పట్టినట్టు పడితే రాదు, మణికట్టు మార్చాల" అన్నాడు. నేను నోటుబుక్కులో రాసుకోలేకపోయింది అదే. పూసిన పూతను మర్నాడు, ఆ మర్నాడు మళ్లీ తాపీతో ఒత్తుకుంటూ పోవడం, బొటనవేలి గోరు దిగుతోందా లేదా అని చూసి ఆపడం, ఇవన్నీ ఆయన తన చేత్తో నేర్చుకున్నాడు. ఆ పల్లె ఇంటి గోడ సిమెంటంతా గీకించి మళ్లీ సున్నం వేశాం, కూలీ నేనే పెట్టుకున్నాను. ఇప్పటికి మూడు వానలు చూసింది, బాగుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపడం గురించి అందరూ అడుగుతారు గానీ, సున్నం సరిగ్గా నానకపోతే అవి కలిపినా లాభం లేదు.

ఇక ఎక్కడికి వెళ్లాలి అంటే, మట్టి పనికి పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్. మనకు చెన్నై మీదుగా వెళ్లొచ్చు. అదిమి చేసే మట్టి ఇటుకలు, వాటితో గోడలు, ఆర్చీలు, గుమ్మటాలు చేతులతో కట్టిస్తారు. ఆ ఇటుకను కాల్చరు, సుమారు 5 శాతం సిమెంటు కలిపి మెషీన్లో అదిమి, నాలుగు వారాలు తడి ఆరనివ్వకుండా ఉంచుతారు. దానికి మన దేశపు స్టాండర్డ్ కూడా ఉంది, ఐఎస్ 1725, ఓనరు భయపడితే అది చూపించండి. అయితే మట్టి అన్నిచోట్లా ఒకటి కాదు. అనంతపురం వైపు ఎర్రమట్టి ఈ పనికి చాలావరకు కుదురుతుంది, మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల నల్లరేగడి తడిస్తే ఉబ్బి ఎండితే పగులుతుంది, దానితో ఆ ఇటుక చేయాలనుకుంటే నష్టపోతారు. తక్కువ ఖర్చు ఇళ్లకు కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పద్ధతి చూడండి. 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ వాళ్లు ఆ పని చేస్తున్నారు, ర్యాట్ ట్రాప్ గోడ (ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టేది) ఒక్కటి నేర్చుకున్నా నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ వల్ల మన ఎండలకు గది లోపల తేడా తెలుస్తుంది.

భవనం పర్యావరణానికి ఎంత అనుకూలమో చూసి రేటింగు ఇచ్చే ఐజీబీసీ, గృహ (GRIHA) లాంటి వాటి పరీక్షలు, సదస్సులు వేరే దారి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఉద్యోగం కావాలంటే రాయండి, మంచిదే. పల్లెలో, చిన్న టౌన్లలో సొంతంగా పని చేద్దామనుకుంటే ఆ సర్టిఫికెట్ మిమ్మల్ని ఎవరూ అడగరు. పెద్ద సదస్సుకు ఒక్కసారి వెళ్లండి, స్టాల్ దగ్గర బ్రోచర్లు తీసుకోవడం కన్నా "మీరు ఐదేళ్ల కిందట చేసిన గోడ ఎక్కడుంది, వెళ్లి చూడొచ్చా" అని అడగండి. అడ్రసు చెప్పేవాళ్లతోనే మాట్లాడండి.

డబ్బు ఖర్చులేని చదువు మన పక్కనే ఉంది. గండికోట ధాన్యాగారం, జామా మసీదు, కర్నూలులో హంద్రీ ఒడ్డున 17వ శతాబ్దం నాటి అబ్దుల్ వహాబ్ గుమ్మటం, ఇనుప కడ్డీ లేకుండా అంత కప్పు ఎలా నిలిచిందో కింద నిలబడి గంటసేపు చూడండి. ముట్టుకోవద్దు, గీకొద్దు, రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి, ఓనర్లకు ఇది ముందే చెప్పండి. మీ ఊళ్లో గానుగ సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరే సున్నం) తెలిసిన ముసలి మేస్త్రీ ఇంకా ఉంటే మాత్రం ఏ వర్క్‌షాపుకన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. మాకు బనగానపల్లె దగ్గర అలాంటి తాత ఒకాయన దొరికాడు, మిద్దె మీద చౌడు ఎంత మందం పోయాలో, వాలు ఎటు పెట్టాలో ఒక్క పూటలో నేర్పాడు. పోయినేడు పోయాడు. ఇంకొంచెం ముందు వెళ్లి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫీజు కట్టేముందు వాళ్లకు ఫోన్ చేసి మూడు అడగండి: రోజులో చేత్తో పని ఎన్ని గంటలు, మేస్త్రీలకు ఫీజు తగ్గిస్తారా, తెలుగులోనో తమిళంలోనో చెప్పేవాళ్లు ఉంటారా. మా మేస్త్రీకి ఇంగ్లీషు రాదు, అక్కడి తమిళ మేస్త్రీతో సైగలతోనే సగం నేర్చుకున్నాడు. ఈలోగా మీ సైటు మట్టి ఒక గాజు సీసాలో సగం వేసి, నీళ్లు నింపి, బాగా ఊపి ఒక రాత్రి ఉంచండి. ఇసుక కిందికి, దాని మీద మెత్తటి మన్ను, అన్నిటికన్నా పైన బంక పొరలుగా దిగుతాయి. ఫోటో పంపితే ఆ మట్టితో ఇటుక అవుతుందో లేదో చూసి చెప్తాను.