తొలి లెగ్ ఓడిపోతే రెండో లెగ్ చూడాలా, పడుకోవాలా?

మీరు అడిగినవి రెండు: యూరప్ ఫుట్‌బాల్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్ ప్రీక్వార్టర్స్‌లో రెండు జట్లూ ఒకరి మైదానంలో ఒకసారి చొప్పున రెండు మ్యాచ్‌లు (లెగ్‌లు) ఆడి మొత్తం గోల్స్‌తో తేల్చుకుంటాయి; తొలి లెగ్‌లో మీ జట్టు ప్రత్యర్థి మైదానంలో 2-0తో ఓడింది కాబట్టి రెండో లెగ్ కోసం నిద్ర మానుకోవడం దండగేనా? సొంత మైదానంలో రెండో మ్యాచ్ ఆడటం నిజంగా కలిసొస్తుందా? ఈ నాకౌట్ మ్యాచ్‌లను ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేల్కొని చూస్తున్నవాడిగా చెబుతున్నాను, స్కోరు చూసి నిర్ణయించుకోకండి. ఆ స్కోరు ఎలా వచ్చిందో చూడండి.

నాకో అలవాటుంది. తొలి లెగ్ అయిన మర్నాడు, ఫలితం తెలిసిన మ్యాచ్‌నే మళ్లీ పెట్టుకుని, వ్యాఖ్యానం వినపడకుండా చూస్తాను. ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు కాబట్టి బంతిని వదిలేసి మిగతా ఆటగాళ్లు ఎక్కడ నిలబడ్డారో గమనించవచ్చు. 2025 మార్చిలో పారిస్‌లో అక్కడి క్లబ్ పీఎస్‌జీ, ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ ఆడిన తొలి లెగ్‌ను అలాగే చూశాను. లివర్‌పూల్ 1-0తో గెలిచింది. కానీ ఆ రాత్రి పీఎస్‌జీ కొట్టిన షాట్లు 27, లివర్‌పూల్‌వి రెండే. గోల్‌కీపర్ అలిసన్ తొమ్మిదిసార్లు గోల్ కాకుండా అడ్డుకున్నాడు. చివరికి 87వ నిమిషంలో అతను తన్నిన పొడవాటి బంతిని న్యూనెజ్ అదుపు చేసి అందిస్తే, సలా స్థానంలో అప్పుడే వచ్చిన హార్వీ ఇలియట్ గోల్ చేశాడు. మళ్లీ చూసినప్పుడు నా కళ్లు ఎక్కువగా లివర్‌పూల్ డిఫెండర్ల మీదే ఉన్నాయి. బంతి దొరికిన ప్రతిసారీ తలెత్తి చూస్తారు, పాస్ ఇవ్వడానికి ఖాళీగా ఎవరూ కనబడరు, ఎటో ఒకవైపు తన్నేస్తారు, అది మళ్లీ పీఎస్‌జీ కాళ్ల దగ్గరికే వచ్చి పడుతుంది. గెలిచిన జట్టు ఆడే ఆట కాదది.

ఆరు రోజుల తర్వాత లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పీఎస్‌జీ ఆటగాడు డెంబెలే 12వ నిమిషంలోనే లెక్క సరిచేశాడు. ఇక గోల్స్ పడక మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. అందులో పీఎస్‌జీ గోల్‌కీపర్ డోనరుమ్మా రెండు కిక్‌లు ఆపాడు, పీఎస్‌జీ 4-1తో గట్టెక్కింది. ఆ సీజన్ లీగ్ దశలో మొదటి స్థానం లివర్‌పూల్‌ది, పీఎస్‌జీది 15వ స్థానం. ఆ 15వ జట్టే మ్యూనిక్ ఫైనల్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తుచేసి కప్పు ఎత్తుకుపోయింది.

ఇక సొంత మైదానం సంగతి. 2024-25 నుంచి 36 జట్లు ఒకే పట్టికలో ఉంటాయి, ఒక్కొక్కటి ఎనిమిది మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవి నేరుగా ప్రీక్వార్టర్స్‌కు వెళ్తాయి, అక్కడ వాటికి రెండో లెగ్ సొంతగడ్డ మీదే. 9 నుంచి 24 దాకా ఉన్నవి ముందు ప్లేఆఫ్ నెగ్గి రావాలి. రెండో లెగ్ ఇంట్లో ఆడటాన్ని బహుమతిలా చెబుతారు గానీ, నా దృష్టిలో ఆ లాభం కొంతే. రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ సమమై ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళితే ఆ అరగంట మనవాళ్ల ముందు ఆడతాం, అంతే. ఆధిక్యంలో ఉన్న జట్టుకైతే సొంత ప్రేక్షకులు ఒక్కోసారి గుదిబండే. ప్రత్యర్థి మొదటి గోల్ కొట్టగానే స్టేడియంలో గుసగుసలు మొదలవుతాయి, వెనక్కి పాస్ ఇస్తే ఈలలు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 2-1తో గెలిచి వచ్చిన రియల్ మాడ్రిడ్‌ను అయాక్స్ (ఆమ్‌స్టర్‌డామ్ జట్టు) మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలోనే 4-1తో ఓడించింది. తొలి లెగ్‌లో మాడ్రిడ్ డిఫెండర్ రామోస్ కావాలనే పసుపు కార్డు తీసుకున్నాడు. పసుపు కార్డులు కూడితే ఒక మ్యాచ్ ఆడనివ్వరు. ఆ నిషేధం ఇప్పుడే అనుభవించేస్తే తర్వాతి దశకు నిశ్చింతగా ఉండవచ్చని అతని లెక్క. తర్వాతి దశే రాలేదు, అతను స్టాండ్స్‌లో కూర్చుని చూడాల్సివచ్చింది. మీరు కూడా రెండో లెగ్‌కు ముందు ఇరు జట్లలో కార్డుల వల్ల ఎవరు దూరమవుతున్నారో ఒకసారి చూసుకోండి.

అయితే మీలాంటి సందేహానికి జవాబు 2021కి ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. అంతకుముందు ఎవే గోల్ నిబంధన ఉండేది. రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ సమమైతే, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్లేది. మా తమ్ముడు యువెంటస్ అభిమాని. 2021 మార్చిలో ట్యూరిన్‌లో పోర్టోతో జరిగిన రెండో లెగ్‌ను ఇద్దరం కలిసి చూశాం. పోర్టో తొలి లెగ్ 2-1తో గెలిచింది. ట్యూరిన్‌లో పోర్టో ఆటగాడు తరేమీని రిఫరీ బయటికి పంపేయడంతో పోర్టో పదిమందితోనే ఆడింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో 115వ నిమిషం దగ్గర పోర్టో ఆటగాడు సెర్జియో ఒలివేరా నేలబారుగా కొట్టిన ఫ్రీకిక్ గోడ కట్టిన ఆటగాళ్ల కాళ్ల కిందనుంచి దూరింది. బంతి వస్తుంటే గోడలో ఉన్న యువెంటస్ ఆటగాడు రొనాల్డో ఎగిరి వెనక్కి తిరిగిపోయాడు. రెండు నిమిషాల్లో యువెంటస్ తరఫున రబియో గోల్ కొట్టాడు. తమ్ముడు లేచి నిలబడి కేక పెట్టబోయి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని కూర్చుండిపోయాడు. మ్యాచ్ 3-2, మొత్తం 4-4. అయినా పోర్టో ట్యూరిన్‌లో రెండు కొట్టింది, యువెంటస్ పోర్టోలో కొట్టింది ఒక్కటే. ఇంకో గోల్ కావాలి, సమయం లేదు. ఆ నిబంధన అమల్లో ఉన్న చివరి సీజన్ అదే. 2021 జూన్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ దాన్ని ఎత్తేసింది.

మీ లెక్కే తీసుకోండి. పాత పద్ధతిలో అయితే రెండో లెగ్‌లో ప్రత్యర్థి ఒక్క గోల్ కొట్టగానే మీవాళ్లకు నాలుగు కావాలి. 3-1తో గెలిచినా ఇంటికే. ఇప్పుడు 3-1 అయితే ఎక్స్‌ట్రా టైమ్. ఆ భయం పోయింది కాబట్టి వెనకబడిన జట్టు మొదటి నిమిషం నుంచే ముందుకు దూకవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆ నిబంధన పోయినందుకు నాకు కొంచెం బాధే. 2017లో బార్సిలోనా పీఎస్‌జీ మీద 4-0 వెనకబాటును సొంత మైదానంలో 6-1తో తిప్పేసిన రాత్రి అందరికీ గుర్తే. పీఎస్‌జీ ఆటగాడు కవానీ గోల్‌తో 3-1 అయ్యాక బార్సిలోనాకు ఇంకా మూడు కావాలి. నెయ్‌మార్ 88వ నిమిషంలో ఒకటి, 90 నిమిషాల తర్వాత కలిపే ఇంజురీ టైమ్ మొదట్లో ఒకటి కొట్టి 5-1 చేశాడు. ఇప్పటి నిబంధనల ప్రకారం అక్కడ మొత్తం 5-5, ఎక్స్‌ట్రా టైమ్ కోసం ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పుడు ఆ వీలు లేదు, ఇంకొకటి కొట్టాల్సిందే. అందుకే గోల్‌కీపర్ టెర్ స్టెగన్ కూడా ప్రత్యర్థి సగంలోకి వచ్చేశాడు, ఫ్రీకిక్ తెచ్చిపెట్టింది కూడా అతనే. ఆ దాడి కొనసాగింపులోనే సెర్గి రొబెర్టో కాలు చాచి బంతిని లోపలికి నెట్టాడు. అంత తెగింపు చూపాల్సిన అవసరం ఇప్పుడు తక్కువ.

నిద్రే మేలనిపించే మ్యాచ్‌లు కూడా ఉంటాయి. 2025లో ఆర్సెనల్ పీఎస్‌వీ మైదానంలో 7-1తో గెలిచాక రెండో లెగ్ 2-2తో ముగిసింది. దానికోసం అలారం పెట్టుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

మీ జట్టు విషయానికొస్తే, ఆ 2-0 మ్యాచ్‌ను ముందు మరోసారి చూడండి. మీవాళ్లు పెనాల్టీ బాక్సులోకి బంతితో ఎన్నిసార్లు వెళ్లారు? ప్రత్యర్థి గోల్స్ పాస్‌లతో ఆట అల్లి కొట్టినవా, ఒక కార్నరూ ఒక పొరపాటూ కలిసి తెచ్చినవా? మొదటి ప్రశ్నకు చాలాసార్లని, రెండోదానికి కార్నరూ పొరపాటూ అని జవాబు వస్తే మేల్కొనండి. అలా రాకపోయినా, రెండో లెగ్ మొదటి పావుగంట చూసి పడుకోవచ్చు. ఆధిక్యంలో ఉన్న జట్టు గోల్‌కీపర్ అప్పటికే గోల్‌కిక్‌లను నెమ్మదిగా తీసుకుంటూ కాలయాపన చేస్తుంటే మాత్రం టీవీ కట్టేయకండి, వాళ్లకు భయం పట్టుకుందన్నమాట.