సోలార్ సెల్‌లో వెండి తగ్గించే పని... కెమిస్ట్రీ చదివినవాళ్లకు దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. సోలార్ సెల్స్‌లో వెండి వాడకం తగ్గించే రంగంలోకి వెళ్తానంటోంది. అది ఇంజినీర్ల పని కదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇంజినీర్ల పని మాత్రమే అనుకోకండి. అందులో కెమిస్ట్రీ పాలు చాలా ఎక్కువ. సెల్ మీద కనిపించే, కరెంటును బయటికి తెచ్చే సన్నటి గీతలు వెండి పేస్టుతో వేసినవి. శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగే, కాకపోతే గీత వెంట్రుక కన్నా సన్నం. వెండి పొడి, గాజు పొడి, జిగురు పదార్థాలు ఏ పాళ్లలో కలపాలన్నది పూర్తిగా రసాయనమే. పెర్క్ అనే పాత రకం సెల్‌లో వెండి ఎక్కువగా ముందువైపే ఉండేది. ఇప్పుడొస్తున్న టాప్‌కాన్ రకంలో రెండు వైపులా కావాలి. హెటెరోజంక్షన్ అనే మరో రకానికైతే ఇండియం అనే అరుదైన లోహం కూడా కావాలి. అది ప్రధానంగా జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగా వచ్చేది, గిరాకీ పెరిగిందని విడిగా తవ్వి తీయలేం.

బదులుగా రాగి వాడొచ్చుగా అంటారు. విద్యుత్తును దాదాపు వెండిలాగే ప్రవహింపజేస్తుంది, ధరేమో వెండి కన్నా చాలా తక్కువ. అయితే సెల్‌లోని సిలికాన్‌లోకి చొరబడిందంటే సెల్ సామర్థ్యం పడిపోతుంది, పైగా గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. అందుకే కింద నికెల్ పొర వేసి పైన రాగిని ఎలక్ట్రోప్లేటింగ్ (విద్యుత్తుతో పూత వేయడం) చేయడం, లేదా రాగి పొడికి వెండి పూత పూయడం. మీ అమ్మాయి సిలబస్‌లోని ఎలక్ట్రోకెమిస్ట్రీకి ఇంత దగ్గరి పని మరోటి చూపించలేను.

బీఎస్సీతో ఆపేస్తే మాత్రం ఫ్యాక్టరీలో టెక్నీషియన్ స్థాయి దాటడం కష్టం. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయమనండి. తర్వాత గేట్ ప్రవేశ పరీక్షతో మెటీరియల్స్‌లో (పదార్థ శాస్త్రం) ఎంటెక్, లేదా పీహెచ్‌డీ. పేరులో ‘సోలార్’ ఉందని ఏదో ఒక ప్రైవేటు కోర్సులో చేర్చకండి. వాటిలో చాలావరకు ప్యానెళ్లు బిగించడమే నేర్పుతారు, అది వేరే వృత్తి. పరిశోధనకు హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఐఐటీ బాంబేలో ఎన్‌సీపీఆర్‌ఈ అనే సోలార్ పరిశోధన కేంద్రం ఉన్నాయి. సెల్స్ తయారుచేసే ప్రీమియర్ ఎనర్జీస్ కూడా హైదరాబాద్‌దే. ప్రాసెస్ ఇంజినీరుగా చేరితే షిఫ్టులు తప్పకపోవచ్చు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. విదేశమైతే ఆస్ట్రేలియాలో యూఎన్‌ఎస్‌డబ్ల్యూ (న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం)కు ఈ రంగంలో పెద్ద పేరుంది. ఫీజు భారం కాబట్టి స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీకే చూడండి.

జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఆఖరి సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. ఫిజికల్ కెమిస్ట్రీ మీద ఇప్పటినుంచే ఎక్కువ సమయం పెట్టమనండి.