పని మానేస్తానంటోంది, సంఘం మాత్రం మాననంటోంది

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. నాన్న మా చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయారు. అమ్మ ఆస్పత్రిలో పని చేస్తూ మమ్మల్ని పెంచిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈమధ్య ఫోన్‌కి వచ్చిన ఒక వీడియోలో అమ్మ మైకు పట్టుకుని సెక్స్ వర్కర్ల హక్కుల గురించి మాట్లాడుతోంది. నిలదీస్తే అంతా చెప్పేసింది. ఏళ్లుగా సెక్స్ వర్కే చేస్తోందట, సెక్స్ వర్కర్ల సంఘంలో పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటివాళ్లకు ఆరోగ్య జాగ్రత్తలు చెప్పే మనిషిగా కూడా ఉందట. ఇల్లు నా జీతంతో నడుస్తుంది, రెండూ వదిలెయ్ అని బతిమాలాను. పని మానేస్తానంది గానీ సంఘం మానను అంది. పోలీసు కేసు అయితే మా పరిస్థితి ఏమిటి? నేను ప్రేమించిన అబ్బాయికి ఇదంతా చెప్పాలా? అమ్మతో సరిగ్గా మాట్లాడి నెలలవుతోంది.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ఒక్క వాక్యమే. పని మానడానికి మీ అమ్మ వెంటనే ఒప్పుకున్నారు, సంఘం దగ్గర మాత్రం కదల్లేదు. మీకది మొండితనంగా కనిపిస్తోంది. కానీ పని డబ్బు కోసం చేశారు, ఇప్పుడు డబ్బు మీరు తెస్తున్నారు కాబట్టి దాన్ని వదలగలిగారు. సంఘం ఇచ్చింది మీ జీతంతో వచ్చేది కాదు.

పీర్ ఎడ్యుకేటర్ అని పేరు గొప్పగా ఉంటుంది గానీ అది కాళ్లరిగే పని. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పద్ధతిలో ఒక్కొక్కరి కింద సుమారు 60 మంది మహిళలు ఉంటారు. వాళ్లను తరచూ కలవాలి, కండోమ్‌లు ఇవ్వాలి, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకునేలా చూడాలి. లెక్కల్లోకి రాని పని ఇంతకంటే ఎక్కువ. ఒకామెను కస్టమర్ కొట్టాడు, ఇంకొకామెను రెయిడ్‌లో పోలీసులు పట్టుకెళ్లారు, మరొకామె డబ్బు ఆమెతో ఉంటున్నవాడు లాక్కుపోయాడు. ఇలాంటప్పుడు డాక్టరుకో పోలీసుకో ఫోన్ చేయడానికి భయపడతారు, ముందు తిట్లు తినాలి కదా. అదే బతుకు బతికిన మనిషికైతే చేస్తారు. మీ ఇంట్లో అర్ధరాత్రి మోగిన ఫోన్లు గుర్తుంటే, వాటిలో కొన్ని ఇవే అయ్యుండొచ్చు.

ఈ పద్ధతికి మన దేశంలో పేరు తెచ్చింది కోల్‌కతాలోని సోనాగాచి అనే రెడ్‌లైట్ ఏరియా. 1992లో అక్కడ మొదలైన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం సెక్స్ వర్కర్లనే పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకుంది. కండోమ్ లేకుండా కుదరదని ఒక్కతే అంటే కస్టమర్ పక్క గదికి పోతాడు. అన్ని గదుల్లోనూ అదే మాట వినిపిస్తే ఎక్కడికి పోతాడు? ఈ తర్కమే వాళ్లను ఒకచోటికి చేర్చింది. 1995లో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ అనే సెక్స్ వర్కర్ల సంఘం ఏర్పడింది. 2001లో అదే నగరంలో వేల మంది చేసుకున్న సభల నుంచే మార్చి 3 సెక్స్ వర్కర్ల హక్కుల రోజుగా నిలిచింది. మీ అమ్మ పట్టుకున్న మైకు వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇక కేసుల సంగతి. సంఘంలో ఉండడం, సభలో మాట్లాడడం నేరం కాదు. 1956 నాటి అనైతిక రవాణా (నిరోధక) చట్టం ప్రకారం బ్రోతల్ నడపడం, ఇతరులను ఈ పనిలోకి దించడం, బహిరంగ స్థలాల్లో కస్టమర్లను పిలవడం లాంటివి నేరాలు. మేజర్ అయిన మహిళ తన ఇష్టంతో ఈ పని చేయడమే నేరమని ఆ చట్టం చెప్పదు. 2022 మే 19న సుప్రీంకోర్టు, మనిషిగా దక్కాల్సిన గౌరవం సెక్స్ వర్కర్లకూ వాళ్ల పిల్లలకూ ఉంటుందని చెప్పి, పోలీసులు వాళ్లను మర్యాదగా చూడాలనీ కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదనీ ఆదేశించింది.

ఒక విషయం దాచను. అదే చట్టంలోని 4వ సెక్షన్, 18 ఏళ్లు దాటినవారు తెలిసి ఈ సంపాదన మీద బతకడాన్ని కూడా నేరంగా చూస్తుంది. దళారులను పట్టుకోవడానికి పనికొచ్చే ఆ మాటలను, చదువుకుంటున్న కొడుకు మీదికీ ముసలి తల్లి మీదికీ తిప్పే వీలుంది. దీన్ని మార్చమని అడుగుతున్నవాళ్లు సెక్స్ వర్కర్ల సంఘాలవాళ్లే. అంటే మీ తమ్ముడి తరఫున కూడా అడుగుతున్నట్టే. ఎవరైనా ఈ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తే డబ్బు ఇచ్చుకోకండి, ఉచిత న్యాయసహాయానికి 15100కి ఫోన్ చేయండి.

కాబట్టి సంఘం మానేలా అమ్మను ఒప్పించే దారి నేను చెప్పను. అయితే మీరు అడగదగినవి ఉన్నాయి. వేదికల మీద అసలు పేరు వాడొద్దని, వీడియోలు తీయనివ్వొద్దని, మీ ఊరు, మీ ఉద్యోగం ప్రస్తావించొద్దని అడగండి. పిల్లల కోసం పేరు మార్చుకుని పనిచేసే వాళ్లు అక్కడ ఇప్పటికే ఉండి ఉంటారు, ఇది వాళ్లకు కొత్త కోరిక కాదు. వీలైతే మీ వయసు కూతురున్న ఇంకో సభ్యురాలిని పరిచయం చేయమనండి. నా మాటల కంటే ఆ అమ్మాయితో గడిపే గంటసేపు మీకు ఎక్కువ పనికొస్తుంది.

"అమ్మ త్యాగాన్ని అర్థం చేసుకోండి" అని రాసేసి ఊరుకోవడం నాకు తేలికే. కానీ ఏళ్లపాటు మీకు అబద్ధం చెప్పారు, కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్ని సంఘం మీదికి మళ్లించకుండా, "నాకెందుకు చెప్పలేదు?" అని నేరుగా ఆవిడనే అడగండి. మధ్యలో ఆపకుండా వినండి. నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ అబ్బాయికి పెళ్లికి ముందే చెప్పండి. ఎప్పటికైనా ఆ వీడియో అతని ఫోన్‌కీ రావచ్చు. అయితే ముందుగా అమ్మ అనుమతి తీసుకోండి, ఆ జీవితం ఆవిడది. వివరాలన్నీ అక్కర్లేదు, అతనికి ఆలోచించుకోవడానికి టైమ్ ఇవ్వండి. మీ అమ్మతో తెంచుకుంటేనే పెళ్లి అంటే మాత్రం, ఆ షరతు అక్కడితో ఆగదని నా అభిప్రాయం.

తమ్ముడికి ఈ విషయం తెలుసో లేదో మీరు రాయలేదు. అతనికి తెలియకపోతే, చెప్పాల్సింది మీరు కాదు, అమ్మే. మీరు పక్కన కూర్చోండి చాలు. ఇది మాత్రం వాయిదా వేయకండి.