లారీ లైట్లు మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

ఆ పాత ఎం35 మిలిటరీ లారీని నువ్వే బాగుచేసి, నువ్వే నడిపావని విన్నప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను. నిన్న మీ అమ్మ ఇంకో ముక్క చెప్పింది: "12 వోల్టుల ఫాగ్ లైట్లు కొనేశాడన్నయ్యా, ఒక బ్యాటరీ నుంచి తీగ లాగితే చాలట." ఆ మాటకి గుండె జారింది. ఫోన్ చేస్తే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. పని మొదలుపెట్టేటప్పుడు బాడీకి వెళ్లే నెగటివ్ తీగ మొదట విప్పు, చివర్న బిగించు. ఉంగరం, వాచీ తీసెయ్. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి, లైటు దగ్గర కాదు. రేకులోంచి తీగ దూరే ప్రతి కంతకీ రబ్బరు వాషర్ వెయ్యి.

ఇక ఆ ఒక్క బ్యాటరీ సంగతి. నీ లారీది 24 వోల్టుల కరెంటు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా, అంటే ఒకదాని ప్లస్సు రెండోదాని మైనస్సుకి, కలిపి ఉంటాయి కాబట్టి, మధ్యలో 12 వోల్టులు తేరగా దొరుకుతాయి. నా స్నేహితుడూ అక్కడే తీగ తగిలించాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి వాడు, తెలియనివాడేం కాదు. 55 వాట్ల లైట్లు రెండు, అంటే 9 ఆంపియర్ల పైమాట, అంతా ఒక బ్యాటరీ మీదే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటరుకి ఇదంతా తెలియదు. రెండు బ్యాటరీలూ కలిపి 28 వోల్టులు వచ్చాయా లేదా అన్నదే చూస్తుంది. లైట్లు మోసేది 12 దగ్గర చతికిలబడితే మిగతా 16 రెండోదాని నెత్తిన పడతాయి. ఒక ఎద్దుచేతే బండి లాగించి, మేత మాత్రం రెండింటికీ ఒకే కొలతన వేసినట్టు. ఒకటి చిక్కిపోతుంది, రెండోది పొట్ట ఉబ్బి చస్తుంది. 16 వోల్టుల దగ్గర బ్యాటరీలో నీళ్లు బుడబుడలాడతాయి. ఆ బుడగలు హైడ్రోజన్, ఆక్సిజన్. మూసిన పెట్టెలో పేరుకున్నాక ఒక్క నిప్పురవ్వ చాలు.

ఓ సాయంత్రం నా స్నేహితుడు చాలాసేపు తిప్పిన లారీని ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే తిరగలేదు. వైరు వదులైందనుకుని పెట్టె తెరిచి, వంగి, స్పానరు వేశాడు. టార్చి నా చేతిలో ఉంది. స్పానరు పక్క రేకుకి తగిలింది. మెరుపు, చప్పుడు, బ్యాటరీ పైభాగం పగిలి ఆసిడ్ వాడి ముఖాన పడింది. దగ్గర్లో నీళ్లుండబట్టి కుమ్మరించాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బండి వచ్చేదాకా కుమ్మరిస్తూనే ఉన్నాను. ఎడమ కన్ను ఇప్పటికీ మసకే. వాడు దాని మీద జోకులేస్తాడు. నవ్వు రాకపోయినా నవ్వుతాను.

కొన్న లైట్లు పారెయ్యక్కర్లేదు, తిట్టడానికి కూర్చోలేదు నేను. హాలోజన్ అయితే బల్బు 24 వోల్టులది, 70 వాట్లది వేసుకో. ఒక్కోటి 3 ఆంపియర్లు కూడా లాగదు. ప్లాస్టిక్ బాడీ అయితే మాత్రం ఆ వేడికి ఆగదు. ఎల్ఈడీ అయితే వెనక చూడు: 10 నుంచి 30 వోల్టులు అని ఉంటే నేరుగా 24కి కలిపెయ్, 12 అనే ఉంటే 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టు. రెండు హాలోజన్ లైట్లనూ వరసగా కలిపితే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. సరిపోతుంది, కానీ ఒకటి పోతే రెండోదీ ఆరిపోతుంది, అదీ మలుపు మధ్యలో. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి, అది కూడా 24 వోల్టులదే కొను.

ఎడమ మడ్‌గార్డు మీద టోపీ పెట్టుకున్నట్టుండే ఆ ఒంటి లైటు జోలికి వెళ్లకు. ఆకాశంలోంచి కనపడకుండా నేల మీద కాస్త వెలుగే పడేలా చేసిన బ్లాకౌట్ దీపం అది. దాన్ని విప్పి లోపల ఎల్ఈడీ దూర్చాలని నీకు ఈపాటికే చెయ్యి దురదపెడుతూ ఉంటుంది, నాకు తెలుసు. వెనక దీపాలూ అంతే. వెనక వచ్చే లారీ దగ్గరయ్యేకొద్దీ ఎర్ర చుక్కలు విడివిడిగా కనపడతాయి, దూరమైతే కలిసిపోతాయి. వాటిని చూసే డ్రైవరు ఎడం అంచనా వేసుకునేవాడు. ఎంత తెలివిరా! తీగలకు చుట్టిన చిన్న రేకు పట్టీల మీద నంబర్లుంటాయి, వాటినీ కత్తిరించకు. కొత్త లైట్ల బ్రాకెట్లు ఉన్న కంతలకే బిగించు, డ్రిల్లు తియ్యకు. రిలేకి సిగ్నలు హై బీమ్ తీగ నుంచి తీసుకుంటే, లారీ లైట్ల స్విచ్చి బ్లాకౌట్‌లో ఉన్నప్పుడు కొత్త లైట్లు పొరపాటున కూడా వెలగవు.

పెట్టె మూత తీశాక కాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు చెయ్యి పెట్టు. బకెట్ నీళ్లు పక్కనుంచుకో. లైట్లు వెలిగిన ఫోటో తర్వాత పంపుదువుగాని, ముందు కళ్లద్దాలు పెట్టుకున్న నీ ఫోటో పంపు. మామూలువి కాదు, పక్కలు కూడా మూసి ఉండేవి.

ఆశీస్సులతో,
మీ మామయ్య