రిటైర్మెంట్‌కి ఎంత దాచాలి? ముందు ఖర్చు లెక్క తీయండి

"అన్నా, ఇక్కడ రిటైరవ్వాలంటే ఎన్ని మిలియన్లు ఉండాలి?" అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎవరో చెప్పిన అంకె విని హడలిపోకండి. మీ ఇంటి ఖర్చు తెలియకుండా ఆ అంకె ఎవరూ చెప్పలేరు.

ఓ ఆదివారం పన్నెండు నెలల కార్డు బిల్లులు ముందేసుకుని కూర్చోండి. మేం అలా కూర్చున్న రోజు, నెలకింత అవుతుందని అనుకున్నదానికీ కాగితం మీద తేలినదానికీ పొంతనే లేదు. ఇంటి పన్ను, ఇండియా టికెట్లు లాంటి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు మా లెక్కలోనే లేవు.

రిటైరయ్యాక పన్నులతో కలిపి ఏడాదికి 60,000 డాలర్లు కావాలనుకుందాం. అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెన్షన్, అంటే సోషల్ సెక్యూరిటీ, 24,000 ఇస్తే మిగతా 36,000 మీ పొదుపులోంచి రావాలి. దాన్ని 25తో గుణిస్తే 9 లక్షల డాలర్లు, అదీ ఇవాళ్టి ధరల్లో. ఈ 25 వెనక 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు వేసిన లెక్క ఉంది. మొదటి ఏడాది దాచినదాంట్లో 4 శాతం, అంటే 25వ వంతు తీసి, ఆపైన ఏటా ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోయినా సొమ్ము 30 ఏళ్ళు వస్తుందని అమెరికా షేర్లు, బాండ్ల పాత రాబడులు చూసి ఆయన తేల్చాడు. యాభైకే పని మానేద్దామనుకునేవాళ్ళకి 30 ఏళ్ళు చాలవు. పైగా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వచ్చేది 65కి. అప్పటిదాకా ఆరోగ్య బీమా మీరే కట్టుకోవాలి.

మనలాంటి వాళ్ళం పొరబడేది సోషల్ సెక్యూరిటీ దగ్గర. 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని ఉంటేనే ఆ పెన్షన్ వస్తుంది. లెక్క కట్టేది మాత్రం 35 ఏళ్ళ సంపాదన మీద. 32వ ఏట వచ్చి 60కి మానేస్తే ఉన్నవి 28 ఏళ్ళే. మిగతా ఏడేళ్ళకీ సున్నాలు వేసి సగటు తీస్తారు. ఇండియాతో ఒప్పందం లేదు కాబట్టి అక్కడ పనిచేసిన ఏళ్ళు ఇక్కడ కలవవు. అందుకే ఇక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగి లెక్క మీకు పనికిరాదు. ఆ లోటు పూడ్చుకోవాలంటే మొదటి జీతం నుంచే 401కె, అంటే కంపెనీ ద్వారా జీతంలోంచే రిటైర్మెంట్‌కి దాచుకునే ఖాతా, మొదలుపెట్టండి. కంపెనీ కలిపే వాటా ఒక్క డాలరు కూడా వదులుకోవద్దు.

సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, మీ జీతం ఏటా వాళ్ళ రికార్డులోకి ఎక్కుతోందో లేదో చూసుకోండి. నా మొదటి కంపెనీ ఇంటిపేరూ పేరూ తారుమారు చేసి పంపడంతో ఒక ఏడాది జీతం అసలు ఎక్కనేలేదు. ఆ ఏటి జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చిన డబ్ల్యూ-2 ఫారం దాచి ఉంచాను కాబట్టి చూపించి సరిచేయించుకోగలిగాను.