టర్బో కారుకి ఎల్‌ఎస్‌డీ వేయించాలా? నేనైతే వేయించాను, మీకు మాత్రం ఇప్పుడే వద్దంటాను

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉండేది బెంగళూరులో. 1.5 లీటర్ టర్బో పెట్రోల్ సెడాన్, మాన్యువల్ గేర్‌బాక్స్. రీమ్యాప్, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం, చేయించినప్పటి నుంచి మలుపులో రెండో గేర్‌లో గట్టిగా తొక్కితే లోపలి వైపు ముందు చక్రం గిర్రున తిరుగుతోంది. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరికే డిఫరెన్షియల్. అందులో ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా చూసే రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అదే ఎల్‌ఎస్‌డీ, వేయిస్తే పెట్టిన డబ్బు దక్కుతుందా అని.

నేను వేయించాను, నాలుగేళ్లు నడిపాను. అయినా మీకు ఇప్పుడే వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరి ట్రాక్టర్ దగ్గర మొదలుపెట్టాలి.

మాది నెల్లూరు జిల్లాలో వరి పండే పల్లె. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనక చక్రం ఒకటి బురదలో దిగబడితే అదొక్కటే గిరగిరా తిరిగేది, కాస్త గట్టి నేల మీదున్న రెండోది కదిలేదే కాదు. నాన్న మడమతో డిఫ్ లాక్ పెడల్ తొక్కగానే రెండూ కలిసి తిరిగి బండి బయటపడేది. గట్టు దగ్గర మలుపు తిప్పే ముందు కాలు తీయకపోతే మాత్రం తాత అవతలి మడిలోంచే కేకలేసేవాడు. రెండు చక్రాలూ కట్టేసినట్టు ఉంటే బండి తిరగదు, బలవంతాన తిప్పితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

మన కార్లలో ఉండేది ఆ పెడల్ లేని ట్రాక్టరే. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ టార్క్, అంటే తిప్పే బలం, సమానంగానే పంచుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. పట్టు లేని చక్రం ఎంత మోయగలదో పట్టున్న చక్రానికీ అంతే అందుతుంది. ముందు చక్రాలతో నడిచే కారులో ఇది ఇంకా ఎక్కువ. తొక్కగానే బరువు వెనక్కి పోతుంది, మలుపులో బయటి వైపుకీ పోతుంది, దాంతో లోపలి ముందు చక్రం మీద బరువే ఉండదు. సరిగ్గా అప్పుడే టర్బో పుంజుకుని టార్క్ అంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

ఎల్‌ఎస్‌డీ ట్రాక్టర్ డిఫ్ లాక్‌కీ మామూలు డిఫరెన్షియల్‌కీ మధ్యరకం. రోడ్డు మీద తిరిగే కారుకి సరిపోయేది హెలికల్ రకం, టోర్సెన్, క్వైఫ్ లాంటివి. ఇంకో రకంలో ఉండే క్లచ్ లాంటి ప్లేట్లు వీటిలో ఉండవు. ఏటవాలు పళ్ల గేర్లు ఒరుసుకోవడం వల్లే, జారే చక్రానికి అందే టార్క్‌కి రెండింతలో ఇంకాస్త ఎక్కువో పట్టున్న చక్రానికి వెళ్తుంది. ఇంతలు అన్నాను, గమనించండి. జారే చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే సున్నాకి ఎన్ని ఇంతలైనా సున్నాయే. ప్లేట్ల రకానికి ఈ బాధ తక్కువ, కానీ ప్లేట్లు అరుగుతాయి, వేరే ఆయిల్ కావాలి, కొన్నాళ్లకు విప్పి మార్చాలి. ఆఫీసుకి వెళ్లే బండికి ఆ తలనొప్పి ఎందుకు?

ఇక నా సంగతి. 2018లో పాత 1.8 టర్బో పెట్రోల్ సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 5 గేర్ల మాన్యువల్, కంపెనీ ఇచ్చింది 150 పీఎస్. రీమ్యాప్ తర్వాత డైనో, అంటే పవర్ కొలిచే యంత్రం, మీద 190 దాకా చూపించింది. ఆ సంతోషం మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ దగ్గర ఆగిపోయింది. ర్యాంప్ వంకర తిరిగి పైకి వస్తుంది. వాన పడిన రోజు ఉదయం సగంలోకి వచ్చేసరికి లోపలి చక్రం కీచుమంటూ అక్కడికక్కడే తిరిగేది, రబ్బరు కాలిన వాసన. వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నిలబడేవాడు, నేను తల దించుకుని వెనక్కి దిగేవాణ్ణి.

బెంగళూరులోనే మహదేవపుర వైపు నాకు తెలిసిన మెకానిక్‌ది మదనపల్లె. ఎల్‌ఎస్‌డీ అనగానే ఆయన మాట్లాడకుండా ముందు టైరు దగ్గర కూర్చుని సైడ్‌వాల్ తుడిచాడు. నాలుగంకెల తేదీ: 0912. అంటే 2012లో తొమ్మిదో వారం. ఆరేళ్ల టైరు. గోరు గుచ్చితే దిగడం లేదు. “అన్నా, ముందు చెప్పులు మార్చు. కాళ్లకి ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం” అన్నాడు. నాలుగు మంచి టైర్లు, సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, అలైన్‌మెంట్. ర్యాంప్ గొడవ అక్కడితో తీరిపోయింది. రోడ్డు మీద చక్రం తిరగడం కూడా ముప్పావు వంతు తగ్గింది. నిజం చెప్పాలంటే నా అవసరం ఆ రోజే తీరిపోయింది.

మరి తర్వాత ఎందుకు వేయించినట్టు? క్లచ్ జారడం మొదలైంది. ఎలాగూ గేర్‌బాక్స్ దింపాలి. అప్పటికే ఏడాదికి రెండు మూడుసార్లు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లడం అలవాటైంది. పార్టు బయటి దేశం నుంచి తెప్పించాను. దానికి కస్టమ్స్, బేరింగులు, లేబర్ కలిపితే లక్షన్నర దాటింది. క్లచ్ లెక్క వేరే.

ఆ పని పక్కన నిలబడి చూశాను. డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం, క్రౌన్ వీల్, పాత డిఫరెన్షియల్‌కి కంపెనీలోనే రివెట్లతో బిగించి ఉంది. ఒక్కో రివెట్ తల డ్రిల్‌తో తొలిచి తీసి, కొత్తదానికి మెకానిక్ హై టెన్సైల్, అంటే బాగా గట్టి, బోల్టులు వేశాడు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. బేరింగుల బిగువు సరిపోవాలి, దానికి కాగితంలా పలచగా ఉండే షిమ్‌లు. కేసు మూసి బిగించడం, తిప్పి చూడటం, తల అడ్డంగా ఊపి మళ్లీ విప్పడం, ఇలా మూడుసార్లు. ఈ ఓపిక లేని చోట మాత్రం పార్టు ఉచితంగా ఇచ్చినా వేయించకండి. షిమ్ తప్పితే గేర్‌బాక్స్ కూతపెడుతుంది, ఆ తర్వాత పోతుంది.

ట్రాక్ మీద తేడా నమ్మలేనంత. అంతకుముందు రెండో గేర్ మలుపులో కారు ముక్కు బయటికి పోతుంటే యాక్సిలరేటర్ వదిలి ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు మలుపు మధ్యలోనే తొక్కితే ఎవరో ముందు నుంచి తాడు కట్టి లోపలికి లాగినట్టు వస్తుంది. ల్యాప్‌కి దాదాపు రెండు సెకన్లు తగ్గాయి, అందులో కొత్త టైర్ల వాటా కూడా ఉందనుకోండి.

మరి ఔటర్ రింగ్ రోడ్డు మీద? ఒక చక్రం కొత్త తారు మీద, ఇంకోటి తవ్వి పూడ్చిన ప్యాచ్ మీద ఉన్నప్పుడు తొక్కితే స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది. 2002 నాటి ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో క్వైఫ్ డిఫరెన్షియల్ ఉండేది, దాని మీద జనం చెప్పుకున్నది కూడా ఇదే. 2009 మోడల్‌కి వచ్చేసరికి ఫోర్డ్ ముందు సస్పెన్షన్‌నే మార్చాల్సి వచ్చింది. మా ఆవిడ ఒకసారి మారతహళ్లి దాకా నడిపి తాళాలు చేతిలో పెట్టేసింది. “ఇది నేను చెప్పిన దారిన పోవట్లేదు, రోడ్డు చెప్పిన దారిన పోతోంది.”

ఎలాగూ మీ కారులో ఈఎస్‌పీ, అంటే బండి అదుపు తప్పకుండా తానే బ్రేకులు పట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ఉంటుంది. చాలా కార్లలో అదే లోపలి చక్రాన్ని కాస్త బ్రేక్ పట్టి అవతలి దానికి టార్క్ అందేలా చేస్తుంది, ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఎక్స్‌డీఎస్ అనేది దీన్నే. రోడ్డుకి అది చాలు. ట్రాక్‌లో పది ల్యాప్‌లు తిప్పితే మాత్రం బ్రేకులు కాగి ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. ఇంకో మాట, పేరు చూసి మోసపోకండి. బయటి దేశాల్లో అమ్మిన హ్యుందాయ్ ఐ20 ఎన్‌లో మెకానికల్ ఎల్‌ఎస్‌డీ ఉండేది, ఇక్కడ దొరికే ఐ20 ఎన్ లైన్‌లో లేదు. 2025లో ఇక్కడికొచ్చిన గోల్ఫ్ జీటీఐలో ఎలక్ట్రానిక్ రకం ఉంది, దాని ధర మనం మాట్లాడుకునే లెక్క కాదు.

కాబట్టి ముందు టైరు మీద తేదీ చూసుకోండి. తర్వాత బుష్‌లు, అలైన్‌మెంట్. రీమ్యాప్ చేసినవాళ్లని ఒకటి, రెండు గేర్లలో టార్క్ తగ్గించి ఇవ్వగలరేమో అడగండి, కొన్ని కార్ల సాఫ్ట్‌వేర్‌లో గేర్ వారీగా పెట్టుకునే వీలుంది. వారంటీ ఇంకా ఉంటే గేర్‌బాక్స్ విప్పే ఆలోచనే పెట్టుకోకండి. ఈలోగా ట్రాక్‌కి ఒకటి రెండుసార్లు వెళ్లి, క్లచ్ జారడం మొదలైన రోజు మళ్లీ అడగండి. అప్పుడు లేబర్ ఖర్చు ఎలాగూ తప్పదు, నేనే వేయించుకోమంటాను.