తాతగారి గురించి పెద్దకర్మకి రెండు పేజీలు రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తాతగారు పోయి నాలుగు రోజులైంది, రామకోటి రాసిన మనిషి, ఊరికి ఎంతో చేసిన మనిషి, పన్నెండో రోజున అందరికీ పంచేలా రాయమన్నారు, కానీ పెన్ను కదలడం లేదు అన్నారు కదా. మీ ఇంటి పరిస్థితి నాకు అర్థమవుతోంది. మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. 2022లో మా మామ్మ పోయినప్పుడు ఈ పని నా మీదే పడింది.

మొదట నేను "పరమ భక్తురాలు, ఆదర్శ గృహిణి, దానశీలి" అని రాశాను. బాబాయి చదివి కాగితం పక్కన పెట్టేశారు. "గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊర్రా ఇది, ఆయన వాడుక భాష కోసం అంత పోరాడితే నువ్వు మా అమ్మ గురించి ఇలాగా రాసేది" అన్నారు. ఏడుపొచ్చింది కానీ ఆయన అన్నది నిజమే, ఆ మూడు మాటలూ ఏ ఇంటి మామ్మకైనా సరిపోతాయి.

అప్పటినుంచి పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాను, మామ్మని మీరు మొదట ఎక్కడ చూశారు అని. మీరూ అదే అడగండి, ఎందుకంటే ఎలాంటి మనిషి అంటే అందరూ "చాలా మంచిది" అని ఊరుకుంటారు, ఎక్కడ చూశారంటే కథ మొత్తం చెబుతారు. గుమ్మ వైపు కొండల నుంచి ఒక సవర ముసలాయన వచ్చారు. వయసులో ఉన్నప్పుడు పసుపు, చింతపండు అమ్మడానికి దిగితే రాత్రి మా అరుగు మీదే పడుకునేవారట, తెల్లారి షావుకారు ఇచ్చిన చీటీ మామ్మ చదివి, లెక్క సరిగ్గా ఉందో లేదో చూసి పంపేదట. ఈ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు! పక్క వీధి ఒడియా వాళ్లు ఆవిడని "గురుమా" అని ఎందుకు పిలుస్తారో కూడా ఆ రోజుల్లోనే తెలిసింది, వాళ్ల పిల్లలకి మధ్యాహ్నాలు లెక్కలు చెప్పేదట.

భక్తి గురించి విడిగా ఒక పేరా పెట్టకండి. మామ్మ నాలుగింటికే లేచి దీపం పెట్టేది, శివరాత్రికి ముఖలింగం వెళ్లేది, అవన్నీ నిజమే. కానీ నేను రాసింది తిత్లీ తుఫాను రోజు సంగతి. 2018 అక్టోబరు 11, దసరా నవరాత్రుల్లో రెండో రోజు. గాలికి మా వీధి చివర రేకుల ఇళ్లన్నీ లేచిపోయాయి. అమ్మవారి అన్నదానానికని పోగుచేసిన బియ్యం మా ఇంట్లో ఉంది, ముట్టుకోవాలా వద్దా అని పెద్దవాళ్లు తర్జనభర్జన పడుతుంటే ఎనభై దాటిన మామ్మ "అమ్మవారిని రేపు అడుగుదాం, ముందు పొయ్యి వెలిగించండి" అని తనే ఎసరు పెట్టింది.

కోపాలు కూడా రాయండి. పొలం అమ్మాడని పెదనాన్నతో ఏడాది పాటు మాట్లాడలేదు, ఆయనకి ఆపరేషన్ అయితే మాత్రం బరంపురం ఆసుపత్రిలో పదకొండు రాత్రులు ఆయన మంచం పక్కన కింద పడుకుంది. అది పెదనాన్నే రాయమన్నారు.

పుట్టిన తేదీ గురించి టెన్షన్ పడకండి. ఆధార్‌లో ఉన్నది ఎవరో వేసిన తేదీ. మామ్మ పుట్టిల్లు పక్కనే ఉన్న పాతపట్నం, "పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపిన ఏడు పుట్టాను" అనేది, అంటే 1936. చిన్న రైలెక్కి కాపురానికి వచ్చానని చెప్పేది. నేను అలాగే రాశాను, ఇక్కడి వాళ్లకి తేదీ కంటే అదే బాగా అర్థమైంది.

మీదీ మా వైపే అయితే ఒక పక్క తెలుగు, వెనక ఒడియా వేయించండి. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు చదవలేరు, మన పిల్లలతో సహా.

తాతగారి రామకోటి పుస్తకాలు భద్రాచలం పంపే ముందు ఒక్కటి ఇంట్లో ఉంచుకోండి. మామ్మ రాసినవి మేం అన్నీ పంపేశాం. ఇప్పుడు మామ్మ చేతిరాత మా దగ్గర పాలలెక్క వేసుకున్న క్యాలెండర్ మీద తప్ప ఎక్కడా లేదు.